కుట్టు దగ్గర ఊపిరి

పద్మాసనం వెయ్యమని మొదటిసారి చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది. పదహారేళ్ళ వయసు నుంచి మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసి కూర్చున్నవాణ్ణి. నా కాళ్ళకు తెలిసిన విద్య తొక్కడమే, మడవడం కాదు. కుడికాలు తెచ్చి ఎడమ తొడ మీద పెడితే అది అక్కడ ఉండనని మొండికేసింది. రెండు చేతులతో అదిమి పట్టుకుంటే వీపు వంగిపోయింది. గద్వాల కోట గోడ పక్కనున్న మైదానంలో, తెల్లవారుతుండగా, పదిహేను మంది ముందు నేను నా కాలితోనే కుస్తీ పడుతుంటే పక్కన మా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వగానే దగ్గొచ్చింది. దగ్గు వెనకాలే పిల్లికూతలు. ఆ కూతల కోసమే కదా ఇంత దూరం వచ్చింది అనుకుని, కాలిని దాని ఇష్టానికి వదిలేశాను.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. ఏ ఇంట్లో టీవీ పెట్టినా పొద్దున్నే ఎవరో ఒకరు కడుపు లోపలికి లాగి బయటికి వదులుతూ కనిపించేవారు. కరెంటు ఉంటే మా వీధి వీధంతా ముక్కులు మూసుకుని కూర్చునేది, కరెంటు పోతే ఎక్కడి ముక్కులు అక్కడ వదిలేసి మగ్గాల దగ్గరికి పోయేది. నేను వాళ్ళను చూసి వెక్కిరించేవాణ్ణి. ఊపిరి తీసుకోవడం కూడా ఒకరు నేర్పాలా, పుట్టినప్పటి నుంచి చేస్తున్న పనే కదా అని అరుగు మీద కూర్చుని పెద్ద మాటలు మాట్లాడేవాణ్ణి. ఆ మాటలు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా పని గురించి కొంచెం చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచులు పట్టు. అందుకని మగ్గం మీద మూడు నాడెలు నడుస్తాయి. నడిమ నూలు పోగును అటూ ఇటూ తీసుకుపోయేది ఒకటి, రెండు పక్కల అంచులకు రెండు. నూలు పోగు అంచు దాకా వచ్చి, అక్కడ పట్టు పోగును మెలిపెట్టుకుని వెనక్కి తిరగాలి. ఆ మెలికనే మేము కుట్టు అంటాం. సూదితో పని లేదు, అంతా వేళ్ళ మీదే. ఒక్క చీరలో అట్లాంటివి వేలకు వేలు. ఒకటి వదులైతే చీర అక్కడ నోరు తెరుస్తుంది, ఒకటి బిగిస్తే అక్కడ ముడుచుకుంటుంది.

ఇది ఒక్క మనిషితో అయ్యే పని కాదు. నేను గుంతలో కూర్చుని నడిమి నాడె, ఎడమ అంచు చూసుకునేవాణ్ణి. కుడి అంచు మా ఆమెది. నా కుడిచేతి పక్కన, గుంత గట్టు మీద, పాత చీరలు మడిచి కుట్టిన బొంత ఒకటి ఉండేది. పెళ్ళయిన వారానికే ఆ బొంత మీద కూర్చుంది. ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడు తప్ప ఆ జాగా వదల్లేదు. మేము మాట్లాడుకున్నది, పోట్లాడుకున్నది, పిల్లల చదువుల గురించి లెక్కలు వేసుకున్నది అంతా అక్కడే, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, కళ్ళు పోగు మీదే పెట్టి. ఆమెది రాయచూరు దిక్కు పల్లె. కోపమొస్తే మధ్యలో కన్నడం కలిసేది. నేను మరీ ఎక్కువ మాట్లాడితే "సాకు" అనేది. చాలు అని. ఆ ఒక్క మాటతో నా నోరు మూతపడేది.

రెండో కాన్పు తర్వాత ఆమెకు ఆయాసం మొదలైంది. నూలు దుమ్ము పడటం లేదని మాకు తెలుసు. తెలిసినా ఏం చేస్తాం, నూలు లేకపోతే మేము లేము. మొదట చలికాలంలోనే వచ్చేది. తర్వాత చలికాలం, ఎండాకాలం అన్న తేడా లేకుండా పోయింది. నాకు తెలియకూడదని ఆమె చాలా రోజులు దాచింది. దగ్గొస్తే నూలు చుట్టిన కండెలు తెస్తానని లేచి పెరట్లోకి పోయేది. కండెల బుట్ట పక్కనే నిండుగా ఉన్నప్పుడు కూడా పోయేది. నేను అంత మంచి నేతగాణ్ణి, పోగులో వెంట్రుకంత తేడా ఉంటే పట్టేసేవాణ్ణి, ఆ బుట్టను మాత్రం చూడలేదు.

ఒకరోజు ఆయాసం ఎక్కువైతే కర్నూలు తీసుకుపోయాను. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. మందు పీల్చే చిన్న గొట్టం రాసిచ్చి, ఎట్లా పీల్చాలో దగ్గరుండి చూపించాడు. దుమ్ములో కూర్చునే పని కాబట్టి మానేస్తే మంచిదన్నాడు. మా ఆమె ముఖం చూసి ఏమనుకున్నాడో, రెండు నెలలు చూద్దామన్నాడు. మందు మానకుండా వాడాలి, నోటికి గుడ్డ కట్టుకోవాలి, తెలిసినవాళ్ళ దగ్గర ఊపిరి కసరత్తు నేర్చుకోవాలి, అప్పటికీ తగ్గకపోతే మగ్గం ముట్టొద్దు అని చెప్పాడు.

రైల్లో వస్తూ నేను నా తెలివి చూపించుకున్నాను.

"ఎనక ఇంటి వదినెను కూసోబెడ్త. ఆమెకు అంచు పని వస్తది. నువ్వు జర ఆరాం తీసుకో," అన్నాను.

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నా జాగల ఇంకొకరు కూసుంటె, నేను ఆ ఇంట్ల ఎక్కడ కూసోవాలె?" అంది.

"ఇల్లంత నీదే కద."

"ఇల్లు నాది కాదయ్యా. ఆ బొంత నాది," అని ఏడ్చింది. రైల్లో జనం ఉన్నారని కూడా చూడలేదు. నాకు జాలి వెయ్యాల్సింది పోయి కోపమొచ్చింది. నా మంచికి చెప్పినట్టుందా, నీ మంచికే చెప్తున్నానని గద్వాల వచ్చేదాకా సణుగుతూనే ఉన్నాను. రాత్రి అన్నం తిన్నాక మాత్రం, రేపటి నుంచి మైదానానికి పోదాం, రెండు నెలల్లో ఏమైతదో చూద్దాం అన్నాను. ఆమె తలూపి, పొద్దున్నే నాకంటే ముందు లేచి తయారైంది.

మైదానంలో నేర్పేది బడిలో డ్రిల్లు చెప్పి రిటైరైన ఒక సారు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. అప్పటికే డెబ్బై దగ్గర వయసు, నడుము మాత్రం ఎక్కడా వంగలేదు. మా వీధిలో ఆయన్ని ఊపిరిసారు అనేవాళ్ళం. ఆయనకు ఆ పేరు తెలుసు, తెలిసినట్టు ఎప్పుడూ కనిపించలేదు. ఆయన దగ్గరికి రకరకాల మనుషులు వచ్చేవారు. పత్తి విత్తనాల వ్యాపారి ఒకాయన బొజ్జ తగ్గించుకోవడానికి వచ్చి, పడుకోమన్నప్పుడల్లా నిజంగానే నిద్రపోయి గురకపెట్టేవాడు. ధరూర్ నుంచి ఒక రైతు మోటారుసైకిలు మీద వచ్చి, నీళ్ళ వంతు ఉన్న రోజు మధ్యలోనే లేచి పోయేవాడు. మా నేతగాళ్ళం నలుగురైదుగురం ఉండేవాళ్ళం. అందరం చాపల బదులు పాత చీరలే పరుచుకునేవాళ్ళం.

నా కాళ్ళ గొడవ నాలుగు రోజులు చూసి సారు నన్ను లేపాడు. మైదానం చివర జెండా కట్టే దిమ్మె ఉండేది. దాని మీద కూర్చోబెట్టాడు.

"కాళ్ళు కిందికి ఏలాడెయ్యి. నీకు అలవాటైనట్టె కూసో. ఊపిరికి కాళ్ళతోని పనిలేదు, వీపు నిలువుగ ఉంటె సాలు."

అట్లా అందరూ నేల మీద, నేనొక్కణ్ణి దిమ్మె మీద. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు నేనే గురువుననుకుని నాకు దండం పెట్టేవాళ్ళు. నేను కూడా కాదనకుండా చెయ్యెత్తేవాణ్ణి. మా ఆమె దిమ్మె పక్కనే, నా కుడిచేతి వైపు, నేల మీద కూర్చునేది. అలవాటు కొద్దీ అక్కడ కూర్చుంది, మేమిద్దరం అనుకుని చేసింది కాదు.

ఆ పొద్దుల్లో చల్లగాలి, కోట గోడ మీద పావురాలు, బస్టాండు వైపు నుంచి వనపర్తికి పోయే మొదటి బస్సు హారను. ఒక ముక్కుతో తీసుకుని ఇంకో ముక్కుతో వదిలేది నేర్పాడు. పెదవులు మూసి తుమ్మెదలాగా గుంయ్యిమనేది నేర్పాడు. అందరం ఒకేసారి గుంయ్యిమంటే పావురాలు లేచి ఒక చుట్టు చుట్టి మళ్ళీ వాలేవి. చివర అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని ఊరికే కూర్చోవాలి. "ఊపిరి కుదురుగుంటె మనసు గూడ కూసుంటది. మనసును పట్టుకొచ్చి కూసోబెట్టుడు మన తోని గాదు," అనేవాడు సారు. నా మనసు ఒక్కరోజు కూడా కూర్చోలేదు. కళ్ళు మూసుకోగానే మగ్గం కనిపించేది, తెగిన పోగు కనిపించేది, రంగు సరిగా అంటని పట్టు కనిపించేది.

కాని ఒక విద్యలో మాత్రం నేను అందరినీ మించిపోయాను. ఊపిరి బిగబట్టడం. కుంభకం అంటారు దాన్ని. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చేత సారు కొంచెంసేపు పట్టించేవాడు. ఒకరోజు ఆయన లెక్కపెడుతుంటే వ్యాపారి ఇరవైకే తుస్సుమన్నాడు. రైతు ముప్పైకి వదిలేశాడు. నేను అరవై దాటినా వదల్లేదు. ఆయనే లెక్క ఆపేశాడు.

"ఇంకా పట్టగలను సారు," అన్నాను గొప్పగా.

"ఏం పని జేస్తవు నువ్వు?"

"మగ్గం సారు. కుట్టు మగ్గం."

ఆయన మెచ్చుకుంటాడని చూశాను. ఆయన నా వైపు, నా చేతుల వైపు చూసి ముందుకు పోయాడు. నాకు కొంచెం రోషం వచ్చింది.

మా ఆమెకు ఆయన కుంభకం నేర్పలేదు. గబగబా కడుపు కొట్టుకునేవి కూడా వద్దన్నాడు. "నాలుగు లెక్కబెట్టి తీసుకో తల్లీ, ఆరు లెక్కబెట్టి ఇడువు. అంతే. నువ్వు ఎన్నడు బిగబట్టొద్దు. గొట్టం మందు మానొద్దు," అని రోజూ అదే మాట. మూడు వారాలైనా అదే. నాకు మండింది. మా ఆమెను ఒకటో తరగతిలోనే కూర్చోబెట్టి, వ్యాపారికి మాత్రం నాలుగో తరగతి చెప్తున్నాడా? రెండు నెలల గడువు ఒక పక్క తరిగిపోతోంది. నాలుగు, ఆరు అనుకుంటూ కూర్చుంటే ఊపిరితిత్తులకు బలం ఎట్లా వస్తుంది? చేతికి బలం రావాలంటే బరువెత్తాలి కదా, ఊపిరికి బలం రావాలంటే బిగబట్టాలి. ఇది నా లెక్క. నన్ను చూడు, అరవై దాటినా చెక్కుచెదరలేదు.

ఇంట్లో నేనే గురువునయ్యాను. మగ్గం మీద కూర్చోగానే మొదలుపెట్టేవాణ్ణి.

"పది కుట్లు అయ్యేదాంక బిగబట్టు. పది అయినంక ఇడువు. మళ్ల పది."

"సారు వద్దన్నడు కదయ్యా."

"సారుకు మగ్గం తెల్వదు. నేను చెప్తున్న కద."

ఆమె ఇంకేం అనలేదు. అనుంటే బాగుండేది. సాకు అని ఒక్క మాట అనుంటే నేను ఆగేవాణ్ణేమో. ఆ జాగా నిలబెట్టుకోవాలన్న ఆశతో నేను చెప్పిందల్లా చేసింది. నోటికి గుడ్డ కట్టుకుని, కళ్ళు పోగు మీద పెట్టి, పది కుట్లకు ఒక ఊపిరి. వారం తిరిగేసరికి మగ్గం మీద పిల్లికూతలు వినిపించడం మానేశాయి. నేను పొంగిపోయాను. చూశావా నా వైద్యం అన్నాను. ఊపిరే వదలకపోతే కూత ఎక్కణ్ణుంచి వస్తుందన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు.

అప్పుడు మగ్గం మీద ఉన్నది పసుపు ఒంటికి ఎర్ర అంచు చీర. అది వనపర్తిలో ఒక పెళ్ళికి పోవాలి. మా దగ్గర చీరలు కొనే సేటు రోజు విడిచి రోజు వచ్చి చూసి పోతున్నాడు. ఒకరోజు పొద్దున తొమ్మిది, పది మధ్య. నేను నడిమి నాడె విసిరి, ఆమె నాడె కోసం ఎదురు చూశాను. రాలేదు. "కానీ, కానీ," అన్నాను పోగు మీద నుంచి కళ్ళు తియ్యకుండానే. నాడె టక్కుమని గుంతలో పడింది, నా కాళ్ళ మీద. తిట్టబోయి తల తిప్పాను.

ఆమె రెండు చేతులు నేలకు ఆనించి ముందుకు వంగి ఉంది. మెడ నరాలు లేచాయి. నోరు తెరిచే ఉంది కాని గాలి లోపలికీ పోవడం లేదు, బయటికీ రావడం లేదు. పెదవులు నల్లబడ్డాయి. నేను గుంతలోంచి ఎట్లా లేచానో తెలియదు, మోకాలు చెక్కకు కొట్టుకుని రక్తం వచ్చిందని సాయంత్రం దాకా చూసుకోలేదు. గొట్టం మందు పీల్పించాను. సగం బయటికే పోయింది. వీధిలో ఆటో దొరికింది. దవాఖానలో మూతికి మాస్కు తగిలించి పొగ మందు పట్టి సూది వేశారు. అరగంటకు ఆమె ఊపిరికి చప్పుడు వచ్చింది. ఎప్పుడూ వినొద్దనుకున్న ఆ పిల్లికూతే వచ్చింది. దాన్ని విని నేను గోడకు తల ఆనించి ఏడ్చాను.

మరుసటి రోజు మేము మైదానానికి రాకపోయేసరికి సారు ఇంటికి వచ్చాడు. ఆమె పడుకుని ఉంది. ఏమైందని నన్ను అడిగాడు. దాచలేదు, చెప్పేశాను. పది కుట్ల లెక్క కూడా చెప్పాను. అంత నెమ్మదస్తుడికి ముఖం ఎర్రబడింది.

"నీకెవడు జెప్పిండయ్యా? నువ్వు దమ్మున్నోనివి, అరవై పడ్తవో వంద పడ్తవో నీ ఇష్టం. ఆమెకు లోపలికి వొయ్యేదే తక్కువ. వొయ్యింది బయటికి వస్తలేదనే కద ఆమె బాధ. దాన్ని ఇంక తాళమేసి పెడ్తవా?"

నేను తల వంచుకుని నిలబడ్డాను. ఇంత వయసొచ్చాక ఎవరి ముందూ అట్లా నిలబడలేదు.

మూడు రోజుల తర్వాత ఆమె కోలుకున్నాక ఆయన మళ్ళీ వచ్చి ఒక విచిత్రమైన కోరిక కోరాడు. ఇద్దరూ మగ్గం మీద కూర్చుని నాలుగు పోగులు వెయ్యండి, చూస్తానన్నాడు. సరే, కూర్చున్నాం. ఆయన గోడ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. నేను నాడె విసిరాను. ఆమె పోగు మెలిపెట్టింది. పోగును బిగించే పలక కొట్టాను. మళ్ళీ. మళ్ళీ. పదిసార్లయినా కాలేదు, ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"తల్లీ, ఇప్పుడు నువ్వు ఊపిరి తీసుకున్నవా?"

ఆమె ఆలోచించింది. "తెల్వదు సారు."

"నేను చూసిన. కుట్టు పడ్తున్నప్పుడు బిగబడ్తున్నవు. కుట్టు అయినంక జర్రంత తీసుకుంటున్నవు. పూర్తిగ ఇడువక ముందె ఇంకో కుట్టు వస్తుంది. మళ్ల బిగబడ్తున్నవు. ఈన చెప్పిన పది లెక్క మొన్నటిది. ఇది ఎప్పటి సంది?"

ఆమె నా వైపు చూడలేదు. పోగు వైపే చూస్తూ చెప్పింది.

"మొదటి దినం ఈనే చెప్పిండు సారు. కొత్తగ కూసున్నప్పుడు నా చెయ్యి వణుకుతుండె. ఊపిరి బిగబట్టు, చెయ్యి నిలుస్తది అన్నడు. నిలిచింది."

నాకు ఆ రోజు కళ్ళకు కట్టింది. కొత్త గాజులు పోగులకు తగులుతాయని మోచేతి దాకా ఎగదోసుకుని కూర్చుంది. పెళ్ళినాటి పసుపు ఇంకా కాళ్ళ మీద ఉంది. మొదటి కుట్టు వంకరపోయింది, రెండోది వదులైంది. నేను విసుక్కుని ఊపిరి బిగబట్టమన్నాను. మా నాయన నాకు చెప్పిందీ అదే. మా వీధిలో ఏ మగ్గం దగ్గరికి పోయినా కొత్తవాళ్ళకు మొదట చెప్పే పాఠం అదే. ఎవరూ దాన్ని పాఠం అనుకోరు, అంత మామూలు.

"నేను చెయ్యి కుదిరేదాంకనే చెప్పిన," అన్నాను. "ఎప్పటికి గట్లనే ఉండుమన్ననా?"

అప్పుడు తల తిప్పి నన్ను చూసింది. కోపం లేదు. నిజంగానే అడుగుతోంది.

"బిగబట్టుమన్నవు. మళ్ల ఇడువుమని ఎన్నడన్న చెప్పినవా అయ్యా?"

సారు లేచి, ముక్కాలిపీట ఉన్న చోట పెట్టి, వస్తానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. పన్నెండేళ్ళు నా మోచేతికి ఆమె భుజం తగులుతూ పని చేసింది. నా పక్కన అంతకాలం ఒక మనిషి ఊపిరి వదలకుండా కూర్చుంటే నాకు తెలియలేదు. చీర బాగా వస్తోందని మాత్రం తెలుసు.

మర్నాటి నుంచి నేనొక పని పెట్టుకున్నాను. ఆమె పోగు మెలిపెట్టగానే, పలక కొట్టకుండా ఆగి, "ఇడువు" అనేవాణ్ణి. ఆమె ఆరు లెక్కపెట్టి వదిలేది. అప్పుడు పలక కొట్టేవాణ్ణి. మళ్ళీ నాడె, మళ్ళీ కుట్టు, మళ్ళీ "ఇడువు". మొదటి రోజు సాయంత్రానికి నా నోరెండిపోయింది. చీర జానెడు కూడా కాలేదు. మా మగ్గం చప్పుడులో తేడా వచ్చిందని వీధి వీధంతా గమనించింది. వెనక ఇంటి వదిన తొంగి చూసి, "ఏంది మరిది, మగ్గానికి గిట్ల నీరసమొచ్చింది?" అని నవ్వింది. ఇంకో రోజైతే నాలుగు అంటించేవాణ్ణి. ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. సేటు వచ్చి, పెళ్ళి దగ్గరికొచ్చింది, గిట్లయితే ఎట్ల, పరేషాన్ చేస్తున్నవు నన్ను అని అరిచాడు. అయినప్పుడే అయితది అన్నాను. ఆయనతో ఆ మాట అనగలనని నాకే తెలియదు.

చీర పెళ్ళికి రెండు రోజుల ముందు మగ్గం దిగింది. సేటు అరుగు మీద పరిచి, కళ్ళు మూసుకుని వేలితో కుట్టు వెంట పోయాడు. ఆయన చూపు కన్నా ఆయన వేలే మాకు భయం. ఎడమ కుట్టు మీద వేలు రెండు చోట్ల ఆగింది. అది నాది. కుడి కుట్టు మీద కొంగు దాకా ఎక్కడా ఆగలేదు. "ఈ పక్కన ఎవరు?" అన్నాడు. గడప దగ్గర నిలబడ్డ మా ఆమెను చూపించాను. ఆమె లోపలికి తప్పుకుంది, కాని ఆమె ముఖం నేను చూశాను.

రెండు నెలలకు కర్నూలు పోయాం. డాక్టరు మళ్ళీ గొట్టం పెట్టి విన్నాడు. ఎక్కువసేపు వినలేదు. పూర్తిగా పోయేది కాదు, మందు నడుస్తూనే ఉండాలి, కసరత్తు మానొద్దు, మగ్గం మీద పూటకు మించి కూర్చోవద్దు అన్నాడు. పూట చాలని ఆమె వెంటనే అంది. రెండో పూట మా మగ్గం ఆగింది. సంపాదన తగ్గింది, దానికి నేనేమీ గొప్పగా సర్దుకోలేదు, అప్పుడప్పుడు విసుక్కున్నాను కూడా. కాని రెండో పూట ఆ బొంత మడిచి గోడకు ఆనించి ఉండేది. దాని మీద ఇంకెవరినీ కూర్చోబెట్టలేదు.

ఆ తర్వాత మైదానంలో జరిగిన ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఎన్నేళ్ళయినా నాకు ఆ పొద్దు అంటే ప్రాణం. వాన వెలిసిన మర్నాడు. నేల తడిగా ఉంటే అందరం పాత చీరల కింద గోనె సంచులు వేసుకున్నాం. నేను ఎప్పట్లాగే దిమ్మె మీద, ఆమె నా కుడిచేతి వైపు కింద. చివరి అయిదు నిమిషాలు. సారు కళ్ళు మూసుకోమన్నాడు. మైదానం మొత్తం సద్దుమణిగింది. వ్యాపారి గురక కూడా లేదు ఆ రోజు. నేను నా ఊపిరి గమనించాలని కూర్చున్నాను. ఎంత గమనించినా నాకు నాది వినిపించలేదు, కింద నుంచి ఆమెది వినిపిస్తోంది. తీసుకుంటోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ఇడువు," అన్నాను.

మనసులో అనుకున్నాననే అనుకున్నాను. మగ్గం మీద రోజుకు ఎన్ని వందల సార్లు అంటానో, అదే గొంతుతో పైకి అనేశాను. మైదానమంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. వ్యాపారి బొజ్జ పట్టుకుని పొర్లాడు. పావురాలు లేచిపోయాయి. నేను సిగ్గుతో కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

ఆమె నవ్వలేదు. ఆ నవ్వుల మధ్యనే, ఏమీ విననట్టు, ఆరు దాకా వదిలింది. నేను చెవి అక్కడే పెట్టి ఉన్నాను. చివరి దాకా ఎక్కడా పిల్లికూత లేదు.